అన్నీ తెల్లవే, ఏది ఏది? ఎంబ్రాయిడరీ స్టెబిలైజర్లను గుర్తుపట్టి సర్దుకోవడం ఎలా

"అక్కా, ఈ చుట్ట చింపేదా, కత్తిరించేదా?"

పర్లాకిమిడిలో మా కంప్యూటర్ ఎంబ్రాయిడరీ కొట్టులో ఈ ప్రశ్న వినపడని రోజు లేదు. చుట్ట అంటే స్టెబిలైజర్ చుట్ట, మిషన్ మీద కుట్టేటప్పుడు బట్ట సాగకుండా, ముడుచుకోకుండా దానికి అడుగున వేసే తెల్ల షీటు. ఫోన్లో అడిగేవాళ్ళయితే తెల్ల గుడ్డముక్క ఫోటో ఒకటి పెట్టి "ఇదేంటో చెప్పండి" అంటారు. ఫోటో చూసి చెప్పడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. చేతిలోకి తీసుకుని చింపాలి, తడపాలి, ఇస్త్రీ కింద పెట్టాలి. అదంతా కలిపి అరగంట పని. విడివిడిగా అందరికీ చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

మన సరిహద్దు ఊళ్ళలో ఇది మరీ గజిబిజి. సరుకు ఒకసారి బరంపురం నుంచి వస్తుంది, ఒకసారి వైజాగ్ నుంచి, ఇంకోసారి సూరత్ పార్సిల్. ఒక షాపులో 'పేపర్' అంటే చింపేది ఇస్తారు, ఇంకో షాపులో అదే మాటకి ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి బట్టకి అంటుకునేది) ఇస్తారు. బిల్లు మీద ఒడియాలో 'కాగజ' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. అందుకే షాపువాళ్ళ పేరు పక్కన పెట్టేయండి. కుట్టడం అయ్యాక అది బట్ట నుంచి ఎలా పోతుందో, ఆ పేరే దానికి పెట్టండి. అలా చూస్తే ఉన్నవి నాలుగే:

చింపేది: కుట్టాక చేత్తో చింపి తీసేస్తాం.
కత్తిరించేది: చిరగదు. డిజైన్ చుట్టూ కత్తెరతో కోసి, కుట్టు వెనకున్నది అలాగే ఉంచేస్తాం.
కరిగేది: నీళ్ళలో పోతుంది. పల్చటి ప్లాస్టిక్ కవరులా ఒక రకం (దీన్నే ఫిల్మ్ అంటాం), మెత్తటి గుడ్డలా ఇంకో రకం.
వేడికి పోయేది: ఇస్త్రీ వేడికి ముడుచుకుని రాలిపోతుంది. మన వైపు తక్కువగా దొరుకుతుంది.

మరి ఫ్యూజింగ్, గమ్ పేపర్ ఏ రకం అంటారా? అవి ఐదో రకం కాదు. జిగురన్నది పైన వేసుకున్న చొక్కా లాంటిది. చింపేదానికీ ఉండొచ్చు, కత్తిరించేదానికీ, కరిగేదానికీ ఉండొచ్చు. చాలామంది "ఫ్యూజింగ్" అని తేల్చేసి అక్కడితో పరీక్ష ఆపేస్తారు. అసలు తప్పు అక్కడే మొదలవుతుంది.

కావలసినవి

కత్తెర, స్కేలు, పెన్ను. రెండు గిన్నెలు, ఒకదాంట్లో మామూలు నీళ్ళు, ఒకదాంట్లో వేడినీళ్ళు. ఇస్త్రీ పెట్టె (ఆవిరి ఆపేసి). బటర్ పేపర్, పాత కాటన్ గుడ్డముక్కలు. ఒక లాంగ్ నోట్‌బుక్, స్టాప్లర్. నాలుగు రంగుల స్టిక్కర్లు లేదా రంగు టేపు. జిప్ కవర్లు, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా ఒకటి. బటర్ పేపర్ లేకపోతే పాత దుప్పటి ముక్క వాడండి. న్యూస్‌పేపర్ మాత్రం వద్దు, సిరా అంటుతుంది.

1. అన్ని చుట్టలూ బయటికి తీసి, నంబర్లు వేయండి

బీరువా వెనక దూరినవి, కవర్లలో మడతపెట్టినవి, హూప్ (కుట్టేటప్పుడు బట్టని బిగించే చట్రం) సైజుకి కోసి మిగిలిన ముక్కలు అన్నీ నేల మీద పరవండి. ఒక్కోదానికి 1, 2, 3 అని చిన్న చీటీ పెట్టండి. ఇప్పుడే పేర్లు రాయొద్దు. "ఇది నాకు తెలుసులే" అనుకున్నవాటిక్కూడా నంబరే. నాకు బాగా తెలుసనుకున్న చుట్టే నన్ను ముంచింది, ఆ సంగతి కింద చెప్తాను.

పెద్ద చుట్ట అయితే ఒక అంచు నుంచి 10 సెంటీమీటర్ల చదరం ముక్క, దాంతోపాటు మూడు చిన్న ముక్కలు కోయండి. చుట్ట ఏ దిక్కుగా విప్పుకుంటుందో ప్రతి ముక్క మీదా బాణం గీయండి. ఈ బాణంతో తర్వాత పని ఉంది.

2. వెలుతురుకి పట్టి చూడండి, వేళ్ళతో రుద్దండి

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూడండి. పల్చగా, మెత్తగా ఉండి, నిలువు గీతలో డైమండ్ గళ్ళో అచ్చు పోసినట్టు కనిపిస్తే అది మెష్. దాదాపు ఎప్పుడూ కత్తిరించే రకమే. లేతరంగు బట్టల వెనక వేస్తే బయటికి కనపడదని దీన్ని వాడతాం.

రెండు వైపులా వేలు రాయండి. ఒకవైపు గరుగ్గానో, చిన్న చుక్కలతోనో, మెరుపుతోనో ఉంటే ఇస్త్రీ జిగురు ఉందన్నమాట. వెనక నున్నటి కాగితం ఊడి వస్తే అంటించే గమ్ రకం. ఇది ఆధారం మాత్రమే, తీర్పు కాదు. మూడో మెట్టుకి వెళ్ళండి.

3. చింపండి, రెండు దిక్కులా

బాణం వెంట ఒకసారి, బాణానికి అడ్డంగా ఒకసారి. రెండువైపులా సాఫీగా చిరిగితే చింపేది. ఒకవైపు సాఫీగా చిరిగి, ఇంకోవైపు వంకరగా మొరాయించినా అది చింపేదే, కానీ ఒకదిక్కు రకం. నోట్‌బుక్‌లో ఆ మాట రాసుకోండి. అడ్డదిక్కున బలంగా లాగితే కుట్లు కూడా దాంతో వచ్చేస్తాయి.

లాగితే సాగి, వేళ్ళు నొప్పెట్టినా చిరగకపోతే కత్తిరించేది.

చిక్కల్లా చవకరకం పల్చటి కత్తిరించేదానితోనే. బలంగా లాగితే అది కూడా చిరిగిపోతుంది. అప్పుడు చిరిగిన అంచు చూడండి. పొడవాటి పీచులు వెంట్రుకల్లా వేలాడుతుంటే కత్తిరించేది. అంచు కాగితంలా పొట్టి నూగుతో ఉంటే చింపేది. నేను కొత్తవాళ్ళకి రెండు ముక్కల అంచులూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఒకసారి చూస్తే మరి మర్చిపోరు.

4. నీళ్ళలో వేయండి

ఇది మాత్రం ఏ ముక్కకీ మానకండి. చూడ్డానికి గుడ్డలా ఉండే కరిగే రకం, కత్తిరించే రకం చేతికి ఒకేలా తగులుతాయి. మూడో మెట్టులో రెండూ చిరగవు.

నా కథ ఇక్కడే. ఒక స్కూలు వాళ్ళు నలభై టీ షర్టుల మీద బ్యాడ్జి అడిగారు. కొత్త చుట్ట వచ్చింది, పైన చీటీ లేదు, చేత్తో పట్టుకుంటే గట్టిగా ఉంది, చిరగలేదు. కత్తిరించేదే అనుకుని మొత్తం కుట్టేశాను. కుట్టు అద్దంలా వచ్చింది. వారం తిరక్కుండా పిల్లల తల్లులు వచ్చారు. మొదటి ఉతుకులోనే వెనకున్నది మాయం, బ్యాడ్జిలన్నీ ఎండు వడియాల్లా ముడుచుకుపోయాయి. నలభై షర్టులూ నా డబ్బుతో మళ్ళీ కొన్నాను.

చేయాల్సింది ఇంతే. ముందు వేలు తడిచేసి మూలకి ఆనించండి. బంకగా అయితే కరిగే రకమే. తర్వాత చిన్న ముక్క మామూలు నీళ్ళలో వేసి రెండు నిమిషాలు ఆగండి. ఫిల్మ్ రకం క్షణాల్లో జిగటగా మారి పోతుంది. గుడ్డ రకానికి ఇంకాస్త సేపు పడుతుంది. ఏమీ కాకపోతే అదే ముక్కని వేడినీళ్ళ గిన్నెలోకి మార్చండి. వేడినీళ్ళకే కరిగే రకాలు కూడా ఉన్నాయి, లేసు తయారీలో అవే ఎక్కువ. ఇంటి బకెట్ నీళ్ళలో అది ఎంత నానినా పోదు, కస్టమర్ మీ మీద విరుచుకుపడతారు.

ఒక జాగ్రత్త. కాగితం లాంటి చింపే రకం నీళ్ళలో మెత్తబడి గుజ్జులా అవుతుంది, కానీ మాయం కాదు. దాన్ని కరిగేది అనుకోవద్దు. సగం కరిగి సగం పీచు మిగిలేవీ ఉన్నాయి. అలాంటిది తగిలితే 'చింపేది, మిగతాది ఉతుకులో పోతుంది' అని రాసుకోండి.

పారదర్శకంగా ఉన్నది నీళ్ళలో అసలు మారకపోతే వేడికి పోయే ఫిల్మ్ కావచ్చు, ఉత్త పాలిథిన్ కవరూ కావచ్చు. తువ్వాళ్ళ మీద కవరు ముక్క వేసి కుట్టేవాళ్ళని చూశాను. కుట్ల కింద ఇరుక్కున్నది ఎప్పటికీ పోదు.

5. ఇస్త్రీ చివర్లోనే

ఎందుకు చివర్లో అంటే, నీళ్ళలో కరిగే ఫిల్మ్ కూడా వేడికి ముడుచుకుంటుంది. ముందే ఇస్త్రీ పెడితే వేడికి పోయే రకం అని పొరబడతారు. నాలుగో మెట్టులో కరిగిపోయిన వాటిని ఇక్కడికి తీసుకురావద్దు. మిగిలినవాటిలో తడవని కొత్త ముక్కలు తీసుకోండి.

కింద బటర్ పేపర్, దాని మీద కాటన్ ముక్క, దాని మీద స్టెబిలైజర్ గరుకు వైపు కిందికి ఉండేలా, పైన ఇంకో బటర్ పేపర్. మధ్యరకం వేడి, ఆవిరి లేకుండా, పది సెకన్లు అదిమి పట్టండి. రుద్దొద్దు. పూర్తిగా చల్లారాక లాగి చూడండి.

గుడ్డకి అంటుకుంటే జిగురు రకం. ఏమీ కాకపోతే మామూలు రకం. ముడుచుకుని చిన్న పూసల్లా అయితే వేడికి పోయేది. కరిగి బటర్ పేపరుకి అతుక్కుని, చిల్లులు పడితే, ఇంకా దాని మీద మొదటి నుంచీ సన్నని చుక్కల అచ్చు కనిపిస్తూ ఉంటే, అది సంచుల గుడ్డ. కిరాణా కొట్లో ఇచ్చే నాన్ ఓవెన్ సంచి ఉంటుంది కదా, అదే సరుకు. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఇస్త్రీ పెట్టె మీట కాటన్ గుర్తు దగ్గర పెడితే వేడి 200 దాకా పోతుంది. చవకని దీన్నే స్టెబిలైజర్‌గా అమ్మేవాళ్ళు ఉన్నారు. మీ దగ్గర ఉంటే ట్రయల్ కుట్లకి వాడుకోండి, కస్టమర్ బట్టకి వద్దు. వాళ్ళు ఇంట్లో ఇస్త్రీ చేసిన రోజు మీకు ఫోన్ వస్తుంది.

6. బరువు చూడండి

రకం తెలిసినా మందం తెలియకపోతే పని సగమే. మొదటి మెట్టులో కోసిన 10 సెంటీమీటర్ల చదరం ముక్క బరువుని వందతో గుణిస్తే జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో ఆ లెక్క వస్తుంది. 0.40 గ్రాములు తూగితే 40 జీఎస్‌ఎం. వంటింటి కాటా ఇంత చిన్న బరువు పట్టదు. నేను ఎదురుగా ఉన్న బంగారం కొట్టుకి తీసుకెళ్తాను. ఆయన మొదటిసారి అద్దాల తలుపు మూసి తెల్లకాగితం తూచి "ఇది ఎన్ని క్యారెట్లమ్మా?" అన్నాడు. ఇప్పుడు నేను గుమ్మం ఎక్కితేనే కాటా సున్నాకి తెచ్చి పెడతాడు.

నా కొట్టు లెక్క: 30, 40 పల్చన. 50, 60 మధ్యరకం. 80, ఆ పైన మందం. ఇంటర్నెట్‌లో చూసే విదేశీ వీడియోల్లో చదరపు గజానికి ఇన్ని ఔన్సులు అని చెప్తారు. ఒక ఔన్సుకి సుమారు 34 జీఎస్‌ఎం వేసుకోండి. వాళ్ళు రెండున్నర అంటే మన 85.

మందం లేకపోతే పల్చటివి రెండు వేయొచ్చు. అప్పుడు ఒకదాని బాణం నిలువుగా, ఇంకోదాని బాణం అడ్డంగా ఉండాలి. బాణాలు గీయమన్నది దీనికే.

7. నోట్‌బుక్‌లో అంటించండి

ఒక చుట్టకి ఒక పేజీ. చింపిన ముక్క, చింపని ముక్క, ఇస్త్రీ ముక్క స్టాప్లర్‌తో కొట్టండి. కింద రాయాల్సినవి: ఎలా పోతుంది, జిగురు ఉందా, జీఎస్‌ఎం, ఏ ఊరి నుంచి వచ్చింది, మీటరు ధర, తేదీ. మళ్ళీ కొనేటప్పుడు ఈ పేజీ ఫోటో తీసి "ఇదే కావాలి" అని పంపండి. పేరు మాత్రం చెప్పొద్దు. చెప్పారా, కథ మళ్ళీ మొదటికి.

8. చుట్ట మీద గుర్తు వేయండి, అక్షరాలు కాదు, బొమ్మలు

మా దగ్గర పనిచేసే ఇద్దరిలో ఒకామెకి ఒడియా తప్ప చదవడం రాదు, ఇంకొకామె నది అవతల పాతపట్నం నుంచి వస్తుంది, ఆమెకి తెలుగు తప్ప రాదు. నేను మొదట్లో రెండు భాషల్లో చీటీలు రాసి పెట్టాను. అర్జంటు పనిలో ఎవరూ చదవలేదు. ఇప్పుడు బొమ్మలే: ఎర్ర స్టిక్కరు మీద కత్తెర, పసుపు మీద చిరిగిన అంచు, నీలం మీద నీటిచుక్క, తెలుపు మీద ఇస్త్రీ పెట్టె. జిగురు ఉంటే పక్కన నల్ల చుక్క ఒకటి. జీఎస్‌ఎం అంకె పెద్దగా.

స్టిక్కరు ఎక్కడ అంటించాలన్నది ఇంకా ముఖ్యం. చుట్ట బయటి అంచు మీద అంటిస్తే మొదటి కోతకే పోతుంది. లోపలి గొట్టంలో ఒకటి, చుట్ట పెట్టిన కవరు మీద ఒకటి అంటించండి. గొట్టం లేని చుట్టకి పాత కాగితం గొట్టం ఏదైనా దూర్చండి.

9. కోసి పెట్టుకోండి

ఎక్కువ వాడే హూప్ ఏదో చూసి, దానికి నాలుగువైపులా నాలుగేసి సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా ముందే కోసి ఉంచండి. 10×10 హూప్‌కి 18×18, 13×18 హూప్‌కి 21×26. ఒక్కో రకం ఇరవై షీట్లు చాలు. హూప్‌లో చిక్కేంత అంచు లేని ముక్కని పిన్నులతో సరిపెట్టే అలవాటు మానండి. సూది పిన్నుకి తగిలితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఎక్కడ పెట్టాలి

కత్తిరించేదీ చింపేదీ ఎక్కడ పెట్టినా బతుకుతాయి, దుమ్ము పడకపోతే చాలు. కాగితం లాంటివి చెమ్మకి మెత్తబడతాయి కాబట్టి నేల మీద వద్దు. జిగురు రకాలకి ఎండాకాలం గండం. రేకుల షెడ్డు కింద పై అరలో పెడితే మే నెలలో పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి. వాటిని కింది అరలో, మడతలు లేకుండా చుట్టి పెట్టండి. మడత పడ్డచోట జిగురు ఊడిపోతుంది.

అసలు జాగ్రత్త కరిగే రకానికి. గాలిలో తేమే దానికి చాలు. జిప్ కవర్లో పెట్టి, ఆ కవర్ని మూత గట్టి డబ్బాలో పెట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు పడేయండి. నీలం గుళికలు దొరికితే మంచిది, గులాబీ రంగుకి తిరిగాయంటే మార్చమని అర్థం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా కొట్టు రేకు లేచిపోయింది. కత్తిరించే చుట్టలు నిలువునా తడిశాయి, ఎండబెట్టి వాడుకున్నాం. కరిగే ఫిల్మ్ చుట్ట ఉన్న చోట మాత్రం గంజి ముద్ద మిగిలింది.

వానాకాలంలో మెత్తబడి చేతికి అంటుకునే ఫిల్మ్‌ని పారేయకండి. పొరలు కలిసిపోకపోతే ఫ్యాను కింద పరిస్తే బాగవుతుంది. చలికాలంలో అదే ఫిల్మ్ పెళుసుగా విరుగుతుంది. అప్పుడు కాసేపు బాత్రూంలో వేలాడదీస్తే మళ్ళీ మెత్తబడుతుంది.

ఏ బట్టకి ఏది

సాగే బట్టకి (టీ షర్టు, లెగ్గింగ్, స్వెటర్) కత్తిరించేది, ఇంకో ఆలోచన వద్దు. సాగని గట్టి కాటన్‌కి, సంచులకి చింపేది. తువ్వాలు, వెల్వెట్ లాంటి నూగు బట్టకి అడుగున తగినది వేసి పైన కరిగే ఫిల్మ్ వేయాలి, లేకపోతే కుట్టు నూగులోకి దిగిపోతుంది. నెట్, ఆర్గంజాకి గుడ్డలాంటి కరిగేది.

బరంపురం పట్టు బ్లౌజ్ ముక్కకి మాత్రం ఒక్క క్షణం ఆగండి. నీళ్ళు పడితే మరక పడొచ్చు, అంచు రంగు వదలొచ్చు. తడి తెల్లగుడ్డతో లోపలి మూల అద్ది చూడండి. రంగు అంటితే కరిగే రకం జోలికి పోవద్దు. పల్చటి మెష్ వేసి, కుట్టాక జాగ్రత్తగా కోయడమే.

సరిగ్గా గుర్తుపట్టారో లేదో చూసుకోవడం

ప్రతి రకంతో, ఆ రకానికి తగిన పాత బట్ట మీద, మిషన్లో ఉండే 5 సెంటీమీటర్ల నిండు గుండ్రం, దాని చుట్టూ అవుట్‌లైన్ కుట్టండి. హూప్‌లో నుంచి తీశాక టేపుతో అడ్డం, నిలువు కొలవండి. రెండూ ఒకటే ఉండాలి. కోడిగుడ్డులా వస్తే స్టెబిలైజర్ చాలలేదు, లేదా హూప్‌లో వదులుగా ఉంది. గుండ్రానికీ అవుట్‌లైన్‌కీ మధ్య బట్ట తొంగిచూస్తే అదే సంగతి. సాగని బట్ట అయితే హూప్ బిగించాక వేలితో కొడితే డప్పులా మోగాలి. టీ షర్టుని మాత్రం అలా లాగి బిగించకండి. స్టెబిలైజర్ని బిగించి, షర్టుని దాని మీద సాగకుండా కూర్చోబెట్టాలి.

తర్వాత ఆ ముక్కని రెండుసార్లు ఉతికి ఆరబెట్టి మళ్ళీ కొలవండి. ఉతకని పరీక్ష పరీక్షే కాదు. నా నలభై షర్టుల్లో ఒక్కటి ముందు ఉతికి ఉంటే ముప్పైతొమ్మిది మిగిలేవి.

ఎక్కువగా జరిగే తప్పులు

టీ షర్టుకి చింపేది వేయడం. ఆ రోజు బాగానే ఉంటుంది, నాలుగు ఉతుకులకి బుడగలు లేస్తుంది. చింపేటప్పుడు ఒక్క ఊపున లాగడం ఇంకోటి. ఎడమ బొటనవేలితో కుట్లని నొక్కి పట్టి, కుడిచేత్తో కొంచెం కొంచెంగా తీయండి. రెండు పొరలుంటే ఒక్కో పొరగా. కత్తిరించేదాన్ని కుట్టు అంచు దాకా కోసేయడం కూడా తప్పే, అర సెంటీమీటరు వదలాలి.

కరిగే రకం పోయాక బట్ట అట్టలా గట్టిగా ఉందంటే పూర్తిగా పోలేదని. నీళ్ళు మార్చి ఇంకో రెండుసార్లు జాడించండి, వేడెక్కించిన ఇస్త్రీ పెట్టొద్దు.

ఎన్ని పరీక్షలు చేసినా తేలనివి రెండు మూడు మిగులుతాయి. వాటిని ఒక సంచిలో వేసి ప్రశ్నార్థకం గీయండి. దారం టెన్షన్ చూసుకోవడానికి, కొత్త అమ్మాయిలకి నేర్పడానికి అవి చాలు. కరిగే ఫిల్మ్ తునకలు మాత్రం పారేయకండి. సీసాలో నీళ్ళు పోసి వేస్తే గంజిలా తయారవుతుంది. జారిపోయే పల్చటి కాటన్ మీద అద్ది ఆరనిస్తే బట్ట కాగితంలా నిలబడుతుంది. ఉతికితే అదే పోతుంది. సీసా మీద నీలం స్టిక్కరు మర్చిపోకండి. మా వాళ్ళు ఒకసారి అది జావ అనుకున్నారు.